శాటిలైట్ చెప్పే ఎండ ఏ ఎండ? హైటెక్ సిటీ మీద ఎర్రటి మ్యాప్ వెనుక అసలు సంగతి

హైదరాబాద్: ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఎర్రటి మ్యాప్ తిరగడం మొదలవుతుంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అంతా నిప్పుల కుంపటిలా కనిపిస్తుంది. కింద ఒక లైను ఉంటుంది: "శాటిలైట్ చెప్పింది, హైటెక్ సిటీలో 52 డిగ్రీలు. అందరికీ పంపండి." అది చూసిన తల్లి వెంటనే కొడుక్కి వాయిస్ మెసేజ్ పెడుతుంది: "బేటా, ఈ రోజు బండి తీయకు." ఆ కొడుకు సైబరాబాద్ ఆఫీసులకు భోజనం చేరవేసే డెలివరీ కుర్రాడు. బండి తీయకపోతే ఆ రోజు సంపాదన లేదు. అతను వాతావరణ శాఖ బులెటిన్ తెరిచి చూస్తే అందులో 41 డిగ్రీలని ఉంటుంది. "అమ్మీ, ఇదంతా అబద్ధం" అని జవాబు పెట్టి బండి తీస్తాడు.

ఇలాంటి ఇంట్లో ఎవరి మాట నిజం? చాలాసార్లు రెండు అంకెలూ నిజమే అయి ఉండొచ్చు. కానీ ఆ రెండూ ఒకే వేడిని చెప్పవు. మ్యాప్ చెప్పేది తారు రోడ్డు, స్లాబు, బండరాయి పైభాగం ఎంత కాలిందన్న సంగతి. బులెటిన్ చెప్పేది నీడలో గాలి ఎంత వేడిగా ఉందన్న సంగతి. బేగంపేట రికార్డుల్లో ఉన్న అత్యధిక గాలి ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది 1966 జూన్ 2న నమోదైంది. కాబట్టి నగరంలో "గాలి 52 డిగ్రీలు" అని ఎవరైనా అంటే కాస్త ఆగి ఆలోచించాలి. "నేల 52 డిగ్రీలు" అంటే మాత్రం అందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు అంతకంటే ఎక్కువే కాలుతుంది.

ఈ తేడా తెలియక కొందరు అనవసరంగా హడలిపోతారు. ఇంకొందరు అన్నీ అబద్ధాలేనని కొట్టిపారేసి, నిజమైన హెచ్చరిక వచ్చినా పట్టించుకోరు. రెండోది ఇంకా ప్రమాదం. అందుకే వందల కిలోమీటర్ల పైనుంచి శాటిలైట్ వేడిని ఎలా కొలుస్తుందో, ఏది కొలవగలదో, ఏది కొలవలేదో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ పనికొచ్చే విషయం.

పైన థర్మామీటర్ లేదు

శాటిలైట్ తిరిగే చోట గాలి దాదాపు ఉండదు. అక్కడినుంచి థర్మామీటర్ కిందికి వేలాడదీసే వీలూ లేదు. మరి కొలిచేది దేన్ని? కింది నుంచి పైకి వచ్చే కిరణాలను.

2020లో కరోనా రోజులు గుర్తు చేసుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. ఆఫీసుల గేట్ల దగ్గర, మాల్స్‌లో, తిరిగి తెరిచాక మసీదుల దగ్గర కూడా నుదుటికి కాస్త దూరంలో ఒక గన్ పట్టుకుని ఉష్ణోగ్రత చూసేవారు. అది శరీరాన్ని తాకేది కాదు. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని కిరణాలను బయటికి వదులుతుంది. ఎక్కువ వేడి ఉంటే ఎక్కువ వదులుతుంది. గన్ ఆ కిరణాలను పట్టుకుని లెక్కగట్టి అంకె చూపేది. శాటిలైట్ పరికరం పని కూడా ఇంతే.

ఆ గన్‌తో మరో అనుభవం కూడా చాలామందికి ఉంది. మధ్యాహ్నం ఎండలో బండి మీద వచ్చినవాడి నుదురు ఎక్కువ చూపేది. వెంటనే సెక్యూరిటీ అతను పక్కన నిలబెట్టేవాడు. ఐదు నిమిషాలు నీడలో కూర్చుంటే మామూలు అయ్యేది. జ్వరం లేదు, చర్మం మాత్రమే కాలింది. హైటెక్ సిటీ మీద ఎర్రటి మ్యాప్ కూడా అలాంటిదే. అది నగరం చర్మం చెప్పే అంకె.

ఆక్సిజన్ చెప్పే కబురు

నేల సంగతి అలా ఉంచితే, గాలి ఉష్ణోగ్రతను శాటిలైట్ కొలవగలదా? కొలవగలదు. దానికి దారి చూపేది మనం పీల్చే ఆక్సిజనే.

గాలిలో ఆక్సిజన్ వాటా సుమారు 21 శాతం. హైదరాబాద్‌లో అయినా, జెద్దాలో అయినా, ఉత్తర ధ్రువంలో అయినా ఈ వాటా దాదాపు ఒకటే. ఆక్సిజన్ అణువులు 50 నుంచి 60 గిగాహెర్ట్జ్ మధ్య సన్నని మైక్రోవేవ్ కిరణాలను వదులుతాయి. ఇంట్లో వైఫై 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. దానికి పది రెట్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ అనుకుంటే సరిపోతుంది. గాలి వేడెక్కితే ఈ కిరణాల బలం పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఆక్సిజన్ వాటా మారదు కాబట్టి, కిరణాల బలం మారితే కారణం ఉష్ణోగ్రతేనని తేల్చవచ్చు.

కానీ గాలి పొర కిలోమీటర్ల మందం ఉంటుంది. ఏ ఎత్తులో ఎంత వేడి అన్నది ఎలా తెలుస్తుంది? చెరువు గట్టు మీద నిలబడ్డట్టు ఊహించుకోండి. నీళ్లు తేటగా ఉంటే అడుగు దాకా కనిపిస్తుంది. మురికిగా ఉంటే పైపైన జానెడు లోతే కనిపిస్తుంది. ఆక్సిజన్ కూడా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర తేట నీళ్లలా, కొన్నింటి దగ్గర మురికి నీళ్లలా ప్రవర్తిస్తుంది. తేటగా ఉన్నచోట శాటిలైట్‌కు కింది పొరల నుంచి కబురు వస్తుంది. మసకగా ఉన్నచోట పై పొరల నుంచి మాత్రమే వస్తుంది. వేర్వేరు ఫ్రీక్వెన్సీలను వేర్వేరు ఛానళ్లలో వింటూ పోతే, కింది నుంచి పై దాకా ఉష్ణోగ్రత నిచ్చెనలా తేలుతుంది.

ఇలా పనిచేసే మైక్రోవేవ్ పరికరాల వరుస 1978 అక్టోబర్‌లో ఎగిరిన అమెరికా శాటిలైట్ టైరాస్-ఎన్‌తో మొదలైంది. అందులో నాలుగు ఛానళ్లు ఉండేవి. తరువాతి తరం పరికరం పేరు ఆమ్సు. దాని ఉష్ణోగ్రత భాగంలో 15 ఛానళ్లు. అది మొదటిసారి నోవా-15 అనే శాటిలైట్ మీద 1998 మే 13న ఎగిరింది. అదే ఏడాది నవంబర్ 22న మాదాపూర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాళ్లగుట్టల మధ్య ఒకే ఒక్క గుండ్రటి భవనంగా ఉన్నచోటు ఐటీ నగరంగా మారే దాకా, ఆ శాటిలైట్ పైనుంచి తిరుగుతూనే ఉంది. 27 ఏళ్ల సేవ తరువాత 2025 ఆగస్టులో దానికి సెలవు ఇచ్చారు.

హైటెక్ సిటీ దానికి కనిపించదు

అయితే ఒక ముఖ్యమైన సంగతి. ఇలాంటి మైక్రోవేవ్ పరికరం సుమారు 800 కిలోమీటర్లకు పైన తిరుగుతుంది. నేరుగా కింద చూసినప్పుడు దాని ఒక్కో చుక్క దాదాపు 48 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దాన్ని గుండ్రటి వలయం అనుకుంటే లోపలి వెడల్పు సుమారు 50 కిలోమీటర్లు. అంటే శంషాబాద్ నుంచి మేడ్చల్ దాకా, పటాన్‌చెరు నుంచి ఘట్‌కేసర్ దాకా మొత్తం ఆ పరికరానికి ఇంచుమించు ఒకే ఒక్క చుక్క. అందులో చార్మినార్ వేరు, మైండ్‌స్పేస్ వేరు అని చెప్పలేదు.

పైగా అది చెప్పేది కొన్ని కిలోమీటర్ల మందం ఉన్న గాలి పొర సగటు. మనిషి నిలబడే ఎత్తులో గాలి కాదు. కాబట్టి "గాలి ఉష్ణోగ్రతను కొలిచే శాటిలైట్ హైటెక్ సిటీలో ఫలానా వీధికి ఇంత చెప్పింది" అని ఎవరైనా రాస్తే, అందులో ఏదో కలగాపులగం జరిగిందని అర్థం.

మన దేశానికి సొంత పరికరాలు కూడా ఉన్నాయి. 2013 జులై 26న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరిన ఇన్సాట్-3డీలో 19 ఛానళ్ల సౌండర్ ఉంది. ఇక్కడ సౌండర్ అంటే శబ్దం చేసేది కాదు, గాలి లోతును పొరపొరగా తడిమి చూసేది. తరువాత 2016 సెప్టెంబర్ 8న ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్ శ్రీహరికోట నుంచే వెళ్లాయి. ఇవి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో భారత్ వైపే చూస్తూ నిలిచి ఉంటాయి. అందుకే రోజుకు రెండుసార్లు కాకుండా పదేపదే ఫొటోలు తీయగలవు.

ఈ సౌండర్లు మైక్రోవేవ్‌తో కాకుండా ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తాయి. ఇక్కడ ఆక్సిజన్ బదులు ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ కబురు చెబుతుంది. చుక్క సైజు చిన్నది, సుమారు 10 కిలోమీటర్లు. ఇబ్బంది ఏమిటంటే దట్టమైన మబ్బు అడ్డం వస్తే ఇన్‌ఫ్రారెడ్ దాటలేదు. మబ్బు కింద ఏముందో దానికి తెలియదు. మైక్రోవేవ్ మాత్రం భారీ వర్షం లేనంతవరకు మబ్బును చాలావరకు దాటుకుని వస్తుంది. అందుకే వాతావరణ శాస్త్రవేత్తలు రెండింటినీ కలిపి వాడతారు.

శాటిలైట్‌కు కూడా తప్పులు దొర్లాయి

కిరాణా కొట్టులో తూకం సరిగా ఉందో లేదో తెలియాలంటే తెలిసిన బరువు పెట్టి చూడాలి. శాటిలైట్ కూడా అదే చేస్తుంది. ఆమ్సు ప్రతి 8 సెకన్లకు ఒకసారి అద్దం తిప్పుతూ భూమి మీద 30 చోట్ల చూస్తుంది. ఆ తరువాత ఖాళీ ఆకాశం వైపు చూస్తుంది. అక్కడి చల్లదనం ఎంతో ముందే తెలుసు, సుమారు మైనస్ 270 డిగ్రీలు. ఆ వెంటనే తన లోపలే ఉన్న ఒక వెచ్చటి దిమ్మ వైపు చూస్తుంది. దాని ఉష్ణోగ్రతను అక్కడే అమర్చిన మామూలు థర్మామీటర్లు చెబుతాయి. ఈ రెండు తెలిసిన అంకెల ఆధారంగా భూమి అంకె తేలుతుంది.

ఇంత జాగ్రత్త పడ్డా తప్పులు వచ్చాయి. ఈ కథ సైబరాబాద్‌లో కోడ్ రాసేవారికి బాగా తెలిసిన కథలాగే ఉంటుంది. 1990లో అమెరికాలోని అలబామాకు చెందిన రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ అనే శాస్త్రవేత్తలు ఈ మైక్రోవేవ్ కొలతలతో భూమి మొత్తం గాలి ఉష్ణోగ్రత లెక్క తయారు చేశారు. నేల మీది థర్మామీటర్లు భూమి వేడెక్కుతోందని చెబుతుంటే, వీరి లెక్కలో మొదట్లో ఆ వేడి పెద్దగా కనిపించలేదు. "చూశారా, శాటిలైట్ అయితే వేడి లేదంటోంది" అని ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి.

1998లో ఫ్రాంక్ వెంట్జ్, మాథియాస్ షాబెల్ అనే మరో ఇద్దరు ఒక లోపం పట్టుకున్నారు. పైన పల్చటి గాలి రాపిడి వల్ల శాటిలైట్లు ఏటేటా కొంచెం కిందికి దిగుతున్నాయి. దాంతో చూసే కోణం మారి, లేని చల్లదనం లెక్కలో చేరుతోంది. 2005లో కార్ల్ మియర్స్, వెంట్జ్ ఇంకో లోపం చూపించారు. శాటిలైట్ ఒక ఊరి మీదుగా వెళ్లే వేళ ఏళ్లు గడిచేకొద్దీ మారుతూ పోతుంది. మొదట్లో మధ్యాహ్నం రెండింటికి వచ్చేది క్రమంగా సాయంత్రం వైపు జరుగుతుంది. ఇంటి మేడ మీద మొదటి ఏడాది రెండు గంటలకు, పదో ఏడాది ఐదు గంటలకు ఉష్ణోగ్రత రాసుకుంటే, "పదేళ్లలో ఎండ తగ్గింది" అనిపిస్తుంది కదా. అదే జరిగింది. దానికి చేసిన సర్దుబాటు కూడా తప్పు దిశలో ఉందని తేలింది. అలబామా శాస్త్రవేత్తలు ఆ తప్పును ఒప్పుకుని లెక్క సరిచేశారు.

ఈ రోజు వేర్వేరు బృందాల లెక్కల మధ్య ఇంకా తేడాలు ఉన్నాయి. కానీ అన్నీ కింది గాలి వేడెక్కుతోందనే చెబుతున్నాయి. ఒకప్పుడు వేడి లేదన్న అలబామా లెక్కలో కూడా 1978 చివర్నుంచి ఇప్పటిదాకా పదేళ్లకు సుమారు 0.15 డిగ్రీల పెరుగుదల కనిపిస్తోంది. ఇంకో విశేషం ఏమిటంటే, కింది గాలి వేడెక్కుతుంటే చాలా పైన ఉన్న స్ట్రాటోస్ఫియర్ పొర చల్లబడుతోంది. సూర్యుడే ఎక్కువ మండుతుంటే రెండు పొరలూ వేడెక్కాలి. కింద వేడి, పైన చల్లదనం అన్నది కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు కనిపించే గుర్తు. ఈ సంగతి తేల్చింది కూడా పొరపొరగా చూడగల ఈ పరికరాలే.

మరి ఎర్రటి మ్యాప్ ఎక్కడిది?

వీధి స్థాయిలో వేడి చూపే మ్యాప్‌లు ఎక్కువగా ల్యాండ్‌శాట్ లాంటి శాటిలైట్ల నుంచి వస్తాయి. ల్యాండ్‌శాట్-8 2013లో, ల్యాండ్‌శాట్-9 2021లో ఎగిరాయి. వీటి ఇన్‌ఫ్రారెడ్ పరికరం సుమారు 100 మీటర్ల చుక్కలతో నేలను చూస్తుంది. దుర్గం చెరువు నీలంగా, పక్కన స్లాబులు ఎర్రగా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చెట్లు, కొండాపూర్ బొటానికల్ గార్డెన్ కాస్త చల్లగా విడివిడిగా కనిపించేది ఇందులోనే. కానీ ఈ మ్యాప్ చూసేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఇది నేల వేడి. గాలి వేడి కాదు. ఎండాకాలం పగలు ఈ రెండింటి మధ్య పది డిగ్రీలకు పైగా తేడా ఉండటం మామూలే.

రెండోది, వేళ. ల్యాండ్‌శాట్ ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది. అంటే మధ్యాహ్నం మూడింటి మంట అందులో ఉండదు. రెండు శాటిలైట్లూ కలిసినా ఒక చోటికి మళ్లీ రావడానికి 8 రోజులు పడుతుంది. "ఈ రోజు" అని తిరిగే మ్యాప్ నిజానికి ఎప్పటిదో ముందు చూడాలి.

మూడోది, పైనుంచి చూసే చూపు. శాటిలైట్‌కు కనిపించేది పైకప్పు, రోడ్డు, చెట్టు తల. రెండు గాజు భవనాల మధ్య బండి ఆపి ఆర్డర్ కోసం ఎదురుచూసే కుర్రాడి మీద పైనుంచి ఎండ, పక్కనుంచి గాజు తిప్పికొట్టే వెలుగు, కింద నుంచి తారు సెగ, వెనక ఏసీ యూనిట్లు వదిలే వేడిగాలి అన్నీ పడతాయి. ఆ కష్టం మ్యాప్‌లో ఉండదు.

నాలుగోది, మెరిసే రేకులు. మెరిసే లోహం ఎంత కాలినా ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను తక్కువగా వదులుతుంది. సరైన సర్దుబాటు చేయకపోతే కొత్త రేకుల కప్పు మ్యాప్‌లో నిజం కంటే చల్లగా కనిపించే అవకాశం ఉంది. కింద ఆ రేకుల ఇంట్లో ఉన్న కుటుంబానికి మాత్రం మధ్యాహ్నం కొలిమిలో కూర్చున్నట్టే ఉంటుంది.

పగలు ఒక లెక్క, రాత్రి ఒక లెక్క

ఇంకో వింత కూడా ఉంది. దక్కన్ లాంటి పొడి ప్రాంతాల్లో ఎండాకాలం పగటి మ్యాప్ చూస్తే, ఊరి బయట ఎండిన పొలాలు, బండలు, బీడు భూములు కొన్నిసార్లు నగరం మధ్య కంటే ఎర్రగా కనిపిస్తాయి. దాన్ని చూసి "సిటీలోనే నయం" అనుకుంటే పొరపాటు. బీడు నేల పొద్దుగూకగానే త్వరగా చల్లబడుతుంది. కాంక్రీటు, తారు, ఇటుక పగలంతా మింగిన వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి. నగరం వేడి దీవిగా మారడం అసలు కనిపించేది రాత్రి వేళ మ్యాపుల్లోనే.

ఇది కుటుంబాలకు చాలా ముఖ్యం. పగలు ఎండలో పనిచేసిన శరీరం రాత్రి చల్లబడితేనే కోలుకుంటుంది. పాతబస్తీలో పై అంతస్తు గదిలో పడుకునే ముసలి నాన్నకైనా, మాదాపూర్ హాస్టల్‌లో ఐదుగురితో ఒక గది పంచుకునే సెక్యూరిటీ గార్డుకైనా రాత్రి 32 డిగ్రీలు పగటి 42 కంటే తక్కువ కీడు చేయదు. వడదెబ్బ ఒక్క మధ్యాహ్నంలో వచ్చేది మాత్రమే అనుకోవడం సరికాదు. నిద్ర లేని వేడి రాత్రులు వరుసగా పడినా ఒంట్లో బలం పోతుంది.

బేగంపేట నుంచి ఎగిరే బెలూన్

శాటిలైట్ మాట నిజమో కాదో చూసే సాక్షి కింద నుంచే వెళ్తుంది. బేగంపేటలోని వాతావరణ కేంద్రం గాలిలోకి బెలూన్ వదులుతుంది. దానికి కట్టిన చిన్న డబ్బాలో నిజమైన థర్మామీటర్, తేమ కొలిచే పరికరం, రేడియో ఉంటాయి. బెలూన్ పైకి పోతూ ఎత్తు ఎత్తుకూ ఉష్ణోగ్రత పంపుతుంది. ఇలాంటివి 30 కిలోమీటర్ల దాకా వెళ్లి పగిలిపోతాయి. ప్రపంచమంతా ఒకే వేళకు కొలిచే పద్ధతి కాబట్టి, మన లెక్కలో ఉదయం 5.30, సాయంత్రం 5.30 కొలతలు అవి. శాటిలైట్ ఇచ్చిన నిచ్చెనను ఈ బెలూన్ ఇచ్చిన నిచ్చెనతో పోల్చి చూస్తారు.

ఆకాశం వైపు చూసే అలవాటు బేగంపేటకు కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తరువాత ఇక్కడికే మారింది. ఇప్పుడు నగరానికి దక్షిణంగా షాద్‌నగర్‌లో ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ పెద్ద డిష్ యాంటెన్నాలతో శాటిలైట్ల డేటాను అందుకుంటోంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం బాలానగర్‌లో ఉంది. హైటెక్ సిటీ నుంచి గంట ప్రయాణం కూడా లేదు.

ఈ లెక్క ఎవరికి పనికొస్తుంది?

శాటిలైట్ ఇచ్చే గాలి ఉష్ణోగ్రత, తేమ అంకెలు నేరుగా సామాన్యుడి ఫోన్‌కు రావు. అవి ముందు సూపర్ కంప్యూటర్లలోకి పోతాయి. సముద్రం మీద బెలూన్లు ఎగరేసేవారు లేరు, థర్మామీటర్లు తక్కువ. అక్కడ గాలి ఎలా ఉందో చెప్పేది ఎక్కువగా శాటిలైటే. బంగాళాఖాతంలో వాయుగుండం ఎటు పోతుంది, ఎంత వాన తెస్తుంది అన్న అంచనా దీని మీద ఆధారపడుతుంది. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ సాయంత్రానికి హైదరాబాద్‌ను ముంచింది. హఫీజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ వాసులు ఆ రాత్రిని ఇప్పటికీ మరిచిపోలేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. ఎండ కొలిచే పరికరమే వరద హెచ్చరికకూ ఆధారం కావడం ఇందుకే.

ఎండ విషయానికి వస్తే, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అంతకుముందు 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పైకప్పుకు తెల్లటి, ఎండను తిప్పికొట్టే పూత వేస్తే స్లాబు తక్కువ వేడెక్కుతుంది, కింద గది కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఈ కూల్ రూఫ్‌ల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఏ బస్తీలో ముందు పూత వేయాలి, ఎక్కడ చెట్లు పెంచాలి, ఏ కూడలిలో డెలివరీ కుర్రాళ్లకు నీడ, నీళ్లు ఏర్పాటు చేయాలి అన్నది తేల్చడానికి ఎర్రటి మ్యాప్ నిజంగా పనికొస్తుంది. భయపెట్టడానికి ఫార్వర్డ్ చేసే బదులు, అదే మ్యాప్ పట్టుకుని కార్పొరేటర్‌ను, కాలనీ కమిటీని అడగవచ్చు.

ఫార్వర్డ్ చేసే ముందు మూడు ప్రశ్నలు

వేడి అంకె ఏది కనిపించినా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి: ఇది దేని వేడి? నేలదా, మనిషి ఎత్తులో గాలిదా, కిలోమీటర్ల పైన గాలి పొరదా?

రెండు: ఎన్నింటి వేడి? ఏ తేదీ, ఏ వేళ? పగలా, రాత్రా?

మూడు: ఎంత చోటు సగటు? ఒక వీధా, ఒక మండలమా, ఔటర్ రింగ్ రోడ్డు లోపలి నగరమంతానా?

ఈ మూడింటికీ జవాబు లేని అంకెను పక్కన పెట్టడం మంచిది. బయటికి పోవాలా వద్దా అన్న నిర్ణయానికి వాతావరణ శాఖ బులెటిన్, ఆ శాఖ 'మౌసమ్' యాప్ చూడాలి. రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్ల అంకెలు కూడా ఉంటాయి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే, లేదా 45కు చేరితే వాతావరణ శాఖ వడగాలులుగా లెక్కిస్తుంది. ఆ హెచ్చరిక వచ్చిన రోజు అది నీడలో కొలిచిన గాలి అంకె అని గుర్తుంచుకోవాలి. ఎండలో, తారు మీద, హెల్మెట్ లోపల శరీరం పడే బాధ అంతకంటే ఎక్కువే.

కాబట్టి ఆ ఇంట్లో తల్లి భయం తప్పు కాదు, కొడుకు అనుమానమూ తప్పు కాదు. మ్యాప్‌లో 52 నేలది, బులెటిన్‌లో 41 గాలిది. కొడుకు బండి నడిపేది ఆ రెండింటి మధ్య. సాధ్యమైతే పన్నెండు నుంచి మూడున్నర దాకా ఆర్డర్లు తగ్గించుకోవడం, రెండు బాటిళ్ల నీళ్లు, ఓఆర్ఎస్ వెంట ఉంచుకోవడం, గాజు గోడల పక్కన కాకుండా చెట్టు నీడన బండి ఆపడం అతని చేతిలో ఉన్న పనులు. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి, 108కి ఫోన్ చేయడం పక్కనున్నవారి పని.